మ్యూజియం అలసట మెట్రో మెట్ల దగ్గరే మొదలవుతుంది

బోస్టన్ లలిత కళల మ్యూజియంలో కార్యదర్శిగా పనిచేసిన బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ వందేళ్ల కిందట ఒక మంచి పని చేశారు. ఒక మనిషిని అద్దాల బీరువాల ముందు నిలబెట్టి, లోపలి వస్తువుల గురించి ప్రశ్నలు అడిగారు. జవాబు వెతుక్కోవడానికి అతను ఎంత వంగాడో, ఎక్కడ గొంతుక్కూర్చున్నాడో, మెడ ఎలా సాచాడో ఫొటోలతో సహా 1916లో ప్రచురించారు. ఆ వ్యాసం పేరు ‘మ్యూజియం ఫెటీగ్’. చూసేవాడికి ఓపిక లేక కాదు, చూపించే పద్ధతి వల్లే ఒళ్లు హూనమవుతోందని అందులో తేల్చారు.

గిల్మన్ లెక్క గుమ్మం లోపలిది. బస్సులో, మెట్రోలో వెళ్లేవాళ్లకు ఆ లెక్క చాలా ముందే మొదలవుతుంది. స్టేషన్ మెట్లు, లైను మారే పొడవాటి నడవాలు, దిగాక ఎండలో నడక, భద్రతా తనిఖీ వరస: వీటికి ఖర్చయ్యే ఓపికంతా గ్యాలరీల వాటాలోంచే పోతుంది. అందుకే ప్రజా రవాణాలో మ్యూజియాలు చూసేవాళ్లు టికెట్ డబ్బుల కంటే ముందు కాళ్లను పొదుపు చేసుకోవాలి.

మొదటి పొరపాటు ఫోన్ మ్యాపులోనే జరుగుతుంది. మ్యాపులో మ్యూజియం గుర్తు చాలాసార్లు భవనం మధ్యలో ఉంటుంది, గుమ్మం దగ్గర కాదు. భవనం చిన్నదైతే ఫర్వాలేదు. రాజభవనమంత ఉంటే మాత్రం దగ్గరి స్టాపు అని దిగినచోటు నుంచి ప్రహరీ చుట్టూ అరకిలోమీటరు తిరగాలి. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం చూడాలనుకునే కొత్తవాళ్లు పేరు చూసి ‘లూవ్ర్–రివోలి’ స్టేషన్లో దిగిపోతారు. అక్కడి నుంచి వీధిలోకి వచ్చి, పెద్ద ఆవరణలు దాటుకుంటూ ప్రధాన ప్రవేశమైన గాజు పిరమిడ్ దాకా నడవాలి. అదే ఒకటో లైనులో పక్క స్టేషనైన ‘పాలే రాయల్–మ్యుజే ద్యు లూవ్ర్’లో దిగితే, భూగర్భ దారిలోనే తలకిందుల పిరమిడ్ పక్క నుంచి ప్రవేశానికి చేరొచ్చు. కాబట్టి మ్యూజియం పేరు కొట్టి ఊరుకోకూడదు. మీ టికెట్‌కు ఏ గేటో చూసుకుని, ఆ గేటుకు దారి వెతకాలి. స్టేషన్ ఎగ్జిట్ నంబరు కూడా రాసిపెట్టుకోవాలి.

ఈ ఇబ్బందికి విరుగుడు కొత్తదేం కాదు. లండన్‌లో సౌత్ కెన్సింగ్టన్ స్టేషన్ నుంచి ఎగ్జిబిషన్ రోడ్డు కింద పాదచారుల సొరంగాన్ని 1885లోనే తెరిచారు. వాన పడినా తడవకుండా మూడు పెద్ద మ్యూజియాల దగ్గరికి అది తీసుకెళ్తుంది. బెర్లిన్‌లో నది మధ్య చాలా మ్యూజియాలున్న మ్యూజియం ద్వీపానికి మాత్రం సొంత మెట్రో స్టేషన్ 2021 జులైలో గానీ రాలేదు. ఎప్పుడైనా సరే, ఇలాంటి పని చేసిన నగరం సందర్శకుడికి అరగంట ఓపిక మిగిల్చినట్టే.

సమయాన్ని ఇంటి నుంచి ముందుకు కాదు, మూసే వేళ నుంచి వెనక్కి లెక్కేయాలి. ఆరింటికి మూస్తారనుకోండి. గదులు ఖాళీ చేయించడం 20 నిమిషాల ముందే మొదలుపెడితే, చూపు 5.40కే అయిపోయినట్టు. రెండున్నర గంటలు చూడాలంటే 3.10కి గ్యాలరీలో ఉండాలి. తనిఖీ, టికెట్, సంచి అప్పగించడం కలిపి అరగంట: 2.40కి గేటు. పది నిమిషాల నడక: 2.30కి బస్సు దిగాలి. ప్రయాణం 25 నిమిషాలు: 2.05కి ఎక్కాలి. బస్సు 20 నిమిషాలకొకటి అయితే 1.45కే స్టాపులో ఉండాలి. ఫోన్ 35 నిమిషాలని చెప్పే దారికి గంటా 25 నిమిషాలు పట్టింది! బస్సు కోసం సగటు నిరీక్షణ రెండు బస్సుల మధ్య విరామంలో సగమే కావచ్చు. కానీ ఫలానా వేళకే లోపలికి రావాలనే టైమ్ స్లాట్ టికెట్ చేతిలో ఉన్నప్పుడు ఆ విరామం మొత్తాన్నీ లెక్కలో పెట్టుకోవాలి. బండి మారిన ప్రతిచోటా మరో విరామం కలపాలి.

అందుకే దూరంగా ఉన్నదీ, బస్సులు తక్కువగా వెళ్లేదీ పొద్దున్నే చూసేయాలి. మెట్రో పక్కనున్నది సాయంత్రానికి ఉంచుకోవాలి. రోజుకు రెండు మించితే మూడోదాంట్లో కళ్లు తెరిచి ఉంటాయే గానీ ఏదీ బుర్రకెక్కదు.

సెలవులు చూసుకోవడం మామూలు జాగ్రత్తే అయినా దెబ్బతినేది అక్కడే. లూవ్ర్‌కు మంగళవారం సెలవు, దానికి దగ్గర్లోనే ఉన్న ఓర్సే మ్యూజియానికి సోమవారం. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి బుధవారం. భవనం తెరిచి ఉన్నా మీకు కావలసిన విభాగం మరమ్మతుల్లో ఉండొచ్చు. బెర్లిన్ పెర్గమాన్ మ్యూజియం 2023 అక్టోబరులో పూర్తిగానే మూతపడింది.

ఇక ప్రయాణ టికెట్లు. బండ్లు మారడానికి వీలిచ్చే గంట, గంటన్నర టికెట్ మ్యూజియం లోపలుండగానే చెల్లిపోతుంది. రెండు మ్యూజియాల రోజంటే ఇంటికి తిరుగు ప్రయాణంతో కలిపి కనీసం మూడు సార్లు ఎక్కాలి. డే పాస్ ధరను ఒక టికెట్ ధరతో భాగించి, వచ్చిన సంఖ్య మూడు దాటితే మరోసారి ఆలోచించుకోవాలి. అర్ధరాత్రితో ముగిసే పాస్, 24 గంటల పాస్ ఒకటి కావు. మధ్యాహ్నం రెండింటికి కొన్న 24 గంటల పాస్ మర్నాటి ఉదయానికీ పనికొస్తుంది. లండన్‌లోలాగా రోజువారీ గరిష్ఠ ఛార్జీ (ఎన్నిసార్లు ఎక్కినా రోజుకు ఇంతకు మించి కోయరనే పరిమితి) ఉన్నచోట ఒకసారి కార్డు, ఇంకోసారి ఫోన్ తాకిస్తే రెండు వేర్వేరు ఖాతాలవుతాయి, ఆ పరిమితి దక్కదు. చాలా మ్యూజియాలకు కలిపి ఇచ్చే పారిస్ మ్యూజియం పాస్ చేతిలో ఉన్నా లూవ్ర్‌కు టైమ్ స్లాట్ విడిగా తీసుకోవాల్సిందే.

సందర్శకుడు ఎంత లెక్క వేసుకున్నా సరిదిద్దలేనిది ఒకటుంది. మ్యూజియాలు కిటకిటలాడేది ఆదివారం, చాలా నగరాల్లో బస్సులు తగ్గేదీ ఆదివారమే. వారానికో రోజు రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచే మ్యూజియాలున్నాయి. ఆ గేటు ముందు చివరి బస్సు ఎనిమిదిన్నరకే వెళ్లిపోతే ఆ గంటలు ఎవరి కోసం? కారున్నవాళ్ల కోసమేనన్నమాట. మ్యూజియం, రవాణా సంస్థ రెండూ తమ వేళల పట్టికలను పక్కపక్కన పెట్టుకుని ఏడాదికోసారి కూర్చుంటే చాలు. గేటు మూసిన అరగంట తర్వాత ఒక బస్సు, ప్రవేశ టికెట్ మీద సమయం పక్కనే స్టేషన్ ఎగ్జిట్ నంబరు. ఈ రెండింటికీ కొత్త రైలు మార్గం వేయనక్కర్లేదు.