హత్రా లిపిలో ఆ అక్షరాన్ని రెండు చేయొద్దు

ఇరాక్‌లోని హత్రా నగరంలో సుమారు 2000 ఏళ్ల కిందట అరమాయిక్ అనే పాత భాషకి వాడిన లిపిలో 'ద'కీ 'ర'కీ రూపం ఒకటే. కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక కోడ్ ఇచ్చే ప్రమాణం యూనికోడ్. 2015లో దాని 8.0 వెర్షన్‌లో ఈ లిపిని చేర్చినప్పుడు ఆ రూపానికి ఒక్క కోడే ఇచ్చారు: 108ఈ3, పేరు దాలెత్-రేష్ (దాలెత్ అంటే ద, రేష్ అంటే ర). వరుస ప్రకారం రేష్ రావాల్సిన 108ఎఫ్3 గడి ఖాళీగా ఉంది.

"ద వేరు, ర వేరు కదా, రెండు కోడ్‌లిస్తే వెతకడం సులువు కదా" అనేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఒకటే. శిల్పి చెక్కని తేడాని మనం కంప్యూటర్‌లో చెక్కకూడదు.

హత్రా శాసనాల్లో పదేపదే కనిపించే మాట 'ద్కీర్'. ఫలానా మనిషిని తలుచుకోండి అని అర్థం. రాతి మీద ఉండేవి ద, క, య, ర నాలుగే అక్షరాలు. కుడి నుంచి చదివితే మొదటిదీ చివరిదీ అచ్చంగా ఒకే గీత. తెలిసిన మాట కాబట్టి ఇబ్బంది లేకుండా చదివేస్తాం. చిక్కంతా పేర్లతోనే. ఇంకెక్కడా దొరకని పేరులో ఆ గీత వస్తే ద అనాలా, ర అనాలా? రెండు కోడ్‌లుంటే టైప్ చేసేవాళ్లు ఏదో ఒకటి కొట్టక తప్పదు. ఆ ఫైల్ అందుకున్నవాళ్లకి అది ఊహ అని తెలిసే దారే ఉండదు. ఊహ కాస్తా శాసనపాఠమై కూర్చుంటుంది.

ద, ర తేల్చడానికి లిప్యంతరీకరణ, అంటే ఆ పాఠాన్ని మరో లిపిలో రాసుకోవడం, ఉంది. అక్కడ ప్రశ్నార్థకం పెట్టొచ్చు, రేపు దిద్దొచ్చు, వెతుకులాట కూడా అక్కడే చేసుకోవచ్చు.

అన్ని లిపులకీ ఇదే పద్ధతి రుద్దలేదు, అది నాకు బాగా నచ్చింది. అరమాయిక్ కుటుంబానికే చెందిన సిరియాక్ లిపిలో చుక్క కింద ఉంటే ద, పైన ఉంటే ర. వాటికి రెండు కోడ్‌లిచ్చి, చుక్క లేని రూపానికి మూడోది కూడా ఇచ్చారు.

చచ్చిపోయిన లిపికి ఇంత పట్టుదల ఎందుకంటారా? అదే 2015లో ఐసిస్ మూకలు హత్రాలో శిల్పాలను సుత్తులతో పగలగొట్టాయి. రాయి పోతే మనకి మిగిలేది దాని పాఠమే. అందులో మన ఊహలు కలిపేస్తే సరిచూసుకోవడానికి ఇంకేమీ ఉండదు.

మన పాత తెలుగు శాసనాల్లోని ౚ అనే అక్షరం కూడా ఆ యూనికోడ్ 8.0లోనే చేరింది. దాని రూపం ఱ కాదు కాబట్టి వేరే కోడ్ ఇచ్చారు. తెలుగు శాసనాలు టైప్ చేసేవాళ్లూ, ఫాంట్‌లో కనపడలేదని దయచేసి ౚ బదులు ఱ కొట్టేయకండి.