అందాజుగా ఎంతవుతుంది?

కడపలో మా ఫ్లాట్ 650 అడుగులది. అంతా పీకేసి కొత్తగా చేయిస్తే ఎంతవుతుందో చెప్పమని అడగడం మొదలుపెట్టి నెల దాటింది. ముగ్గురొచ్చారు. మొదటి మేస్త్రీ టేపు కూడా తీయలేదు. హాల్లో అడుగులేసి, టీ తాగి, టీపాయ్ మీదున్న పెళ్లిపత్రిక వెనకాల "4.5" అని రాసిపోయాడు. నాలుగున్నర లక్షలు దేనికి? కూలికా, సామానుతో కలిపా? ఫోన్ చేస్తే, "అందాజుగా చెప్పినా సార్, పని మొదలుపెడితే తెలుస్తాది" అంటాడు.

పెయింటర్ అడుగుకింత అంటే నేను అమాయకంగా 650తో హెచ్చవేసుకున్నా. వాళ్లు కొలిచేది నేల కాదు, గోడలూ సీలింగూనూ. అది నేలకు మూడింతలైంది! టైల్స్ అయితే కోతల్లో పోయేదానికి నూటికి పది ఎక్కువ తెచ్చుకోవాలట. గోడ అడుగున వేసే పట్టీ, అదే స్కర్టింగ్, వేరే; దానికి రన్నింగ్ ఫీట్ లెక్క, అంటే పొడవు మాత్రమే కొలుస్తారు. పగలగొట్టిన పెంకులూ మట్టీ మూడో అంతస్తు నుంచి దించే కూలి మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు. లిఫ్ట్ లేదని రొప్పుకుంటూ ఎక్కొచ్చినప్పుడు తెలియలేదా?

ఇవన్నీ ఒక ఎత్తు. వంటింటి అరలకు నాలుగు బండలు అడిగితే, మూడో ఆయన "ట్రాన్స్‌పోర్టు ఎక్స్‌ట్రా" అన్నాడు. కడప బండకి, కడపలో! ఎక్కడెక్కడి వాళ్లో మన ఊరి పేరు పెట్టి కొనుక్కునే రాయి కదయ్యా అది.

ఆ పెళ్లిపత్రికను మా ఆవిడ ఫ్రిజ్‌కి అంటించింది. పెళ్లి కూడా అయిపోయింది.