నోటిమాటతో అడిగితే గడువు మొదలవ్వదు

డాలస్ చుట్టుపక్కల ఉన్న మన తల్లిదండ్రులకు పిల్లల చదువు గురించి తెలియని సంగతంటూ ఉండదు. ఏ జోన్‌లో ఇల్లు కొంటే ఏ హైస్కూలు పడుతుంది, తెలివైన పిల్లల్ని ఎంచే జీటీ టెస్టు ఎప్పుడు, ఏ మ్యాథ్ టీచర్ మంచిది, అన్నీ వాట్సాప్ గ్రూపుల్లో దొరుకుతాయి. వైకల్యం ఉన్న పిల్లలకిచ్చే ప్రత్యేక చదువు, అంటే స్పెషల్ ఎడ్యుకేషన్ మాట ఎత్తితే మాత్రం గ్రూపులో ఒక్కరూ పలకరు. అవసరం పడ్డవాళ్లు రాత్రి పదకొండు దాటాక విడిగా మెసేజ్ పెడతారు, "అన్నా, ఈ విషయం ఎవరితోనూ అనకండి" అని.

నేను లాయర్ని కాను, టీచర్నీ కాను. తెలిసిన కుటుంబాలు రమ్మంటే స్కూలు మీటింగులకు తోడు వెళ్తుంటాను. అలా తోడు తెచ్చుకునే హక్కు తల్లిదండ్రులకు చట్టంలోనే ఉంది. అక్కడ కూర్చుని చూస్తుంటే నాకు అర్థమైంది ఒకటే. స్కూలు వ్యవస్థ మొత్తం కాగితం మీద నడుస్తుంది. మనం మాత్రం "మేడంగారితో మాట్లాడాం, చూస్తామన్నారు" అనుకుని ఇంటికి వచ్చేస్తాం. మన పిల్లలకు నెలలు, ఒక్కోసారి ఏళ్లు, అక్కడే పోతున్నాయి.

1975లో అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం చేసిన చట్టం ఇది. వైకల్యం ఉన్నవాళ్ల చదువు కోసం వచ్చిన దీన్ని 1990 నుంచి ఐడియా (IDEA) అన్న పేరుతో పిలుస్తున్నారు. వైకల్యం ఉన్న పిల్లల్ని వెతికి గుర్తించడం, పైసా తీసుకోకుండా వాళ్ల అవసరాలేమిటో పరీక్షించడం (ఎవాల్యుయేషన్), వాళ్ల అవసరానికి తగ్గట్టు చదువు చెప్పడం పబ్లిక్ స్కూలు బాధ్యత. మీది ఏ వీసా అని చట్టం అడగదు. పిల్లాడు ప్రైవేటు మాంటిసోరీలో ఉన్నా, ఇంకా బడికే వెళ్లని మూడేళ్లవాడైనా, పరీక్ష చేయమని స్కూల్ డిస్ట్రిక్ట్‌ని అడగవచ్చు. మూడేళ్లు నిండనివాళ్లకు ఈసీఐ (ECI) అనే, పసిపిల్లలకు సాయం చేసే వేరే కార్యక్రమం ఉంది.

చట్టం ఉంటే సరిపోదని టెక్సాస్‌ని చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2004లో ఇక్కడి విద్యాశాఖ స్పెషల్ ఎడ్యుకేషన్‌లో ఉండే పిల్లలు 8.5 శాతం దాటకూడదన్నట్టు ఒక లెక్క పెట్టుకుంది. అప్పటికి రాష్ట్రంలో అలాంటి పిల్లలు దాదాపు 12 శాతం ఉండేవాళ్లు. దేశం సగటు 13 దగ్గర ఉంటే ఇక్కడి అంకె ఏటేటా దిగుతూ వచ్చింది. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక బయటపెట్టేదాకా జనానికి తెలియనే లేదు. 2017లో శాసనసభ ఆ పద్ధతిని నిషేధించింది. టెక్సాస్ చట్టాన్ని ఉల్లంఘించిందని 2018 జనవరిలో కేంద్ర విద్యాశాఖ తేల్చింది. ఆ పన్నెండేళ్లలో "ఇంకొన్నాళ్లు చూద్దాం" అన్న మాట విని వెనక్కి వచ్చిన వాళ్లలో మనవాళ్లు లేరని నేను అనుకోను.

ఆ "చూద్దాం" ఇప్పటికీ వినిపిస్తుంది. ముందు చిన్న గ్రూపులో పెట్టి చదివిస్తాం, ఈ సెమిస్టర్ అయ్యాక ఆలోచిద్దాం అంటారు. చదివించడం మంచిదే. ఆ పేరుతో పరీక్షను ఆపకూడదని కేంద్రం 2011లోనే అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఇక్కడే కాగితం కావాలి. "మా అబ్బాయికి స్పెషల్ ఎడ్యుకేషన్ కోసం పూర్తి ఎవాల్యుయేషన్ చేయమని కోరుతున్నాం" అని తేదీ వేసి ప్రిన్సిపాల్‌కో, డిస్ట్రిక్ట్ స్పెషల్ ఎడ్ డైరెక్టర్‌కో ఈమెయిల్ పంపితే, టెక్సాస్‌లో 15 బడిరోజుల్లో జవాబివ్వాలి. చేస్తామంటే మీ సంతకం అడగాలి, కుదరదంటే ఎందుకు చేయరో రాసివ్వాలి. మీరు సంతకం పెట్టాక రిపోర్టుకి మామూలుగా 45 బడిరోజులు, తర్వాత ప్లాన్ రాసే మీటింగ్‌కి 30 రోజులు. పిల్లల్ని దింపే కార్ల వరసలో టీచర్‌తో అన్న మాటకి ఈ గడువుల్లో ఏదీ మొదలవ్వదు.

మరో చిక్కు మన ఇళ్లలోనే ఉంది. "వాడికి ఏలు, బీలు వస్తున్నాయి కదా, సర్వీసులు ఎందుకు?" అంటారు స్కూల్లో. ఆ గ్రేడ్లు ఎలా వస్తున్నాయో వాళ్లకి తెలియదు. అమ్మ రోజూ రాత్రి పదింటిదాకా పక్కన కూర్చుని, పాఠమంతా తను చదివి వినిపించి, హోంవర్క్ చేయిస్తుంది. వారాంతంలో కుమాన్ ట్యూషన్ సెంటర్, పైన ఆన్‌లైన్ ట్యూషన్. పిల్లాడు ఫెయిలైతేనే అర్హుడని చట్టంలో ఎక్కడా లేదు. ఇంట్లో ఎన్ని గంటలు పడుతోందో అదే ఈమెయిల్‌లో రాయండి.

డాక్టర్ ఆటిజం అని రాసిచ్చినంత మాత్రాన స్కూల్లో అంతా దానంతటదే మొదలవుతుందనుకోవడం ఇంకో అపోహ. స్కూలు తన పరీక్ష తాను చేసుకుంటుంది. డాక్టర్ కాగితం లేదని పరీక్ష మానకూడదు కూడా.

ఇక మీటింగ్. టెక్సాస్‌లో దీన్ని ఆర్డ్ (ARD) అంటారు, మిగతా చోట్ల ఐఈపీ (IEP, ఒక్కో పిల్లాడికి విడిగా రాసే చదువు ప్లాన్) మీటింగ్. బల్లకి అటువైపు అసిస్టెంట్ ప్రిన్సిపాల్, క్లాస్ టీచర్, స్పెషల్ ఎడ్ టీచర్, పరీక్షలు చేసే డయాగ్నస్టిషియన్, స్పీచ్ థెరపిస్ట్. ఇటువైపు అమ్మ, ఆఫీస్ కాల్ మధ్యలో ఫోన్‌లో చేరిన నాన్న. పాతిక ముప్ఫై పేజీలు స్క్రీన్ మీద జరుపుకుంటూ పోతారు. ఆఫీసులో క్లయింటుతో గంటలకొద్దీ మాట్లాడేవాళ్లు కూడా ఇక్కడ నీళ్లు నములుతారు. అర్థం కాకపోతే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ముందే అడగవచ్చు, ఏర్పాటు చేయాల్సింది స్కూలే. నామోషీ ఏం లేదు.

అన్ని పేజీల్లోనూ చూడాల్సినవి రెండే అనిపిస్తుంది నాకు. ఒకటి లక్ష్యాలు. "శ్రద్ధ మెరుగుపడుతుంది" అని రాస్తే ఏడాది తర్వాత ఎవరూ కొలవలేరు. "రెండు పనులు కలిపి చెబితే, మళ్లీ గుర్తు చేయకుండా ఐదుసార్లలో నాలుగుసార్లు చేస్తాడు, ఇప్పుడు ఒక్కసారే చేస్తున్నాడు" అని రాస్తే కొలవచ్చు. నిరుటి లక్ష్యాలే ఈ ఏడూ దింపితే ఊరుకోవద్దు. కొలరాడోలో ఆటిజం ఉన్న ఒక అబ్బాయికి ఏటా ఇంచుమించు అవే లక్ష్యాలు పెడుతుంటే తల్లిదండ్రులు సుప్రీంకోర్టుదాకా వెళ్లారు. ఏదో కాస్త మేలు జరిగితే చాలన్న వాదన చెల్లదని, ఆ పిల్లాడి పరిస్థితికి తగిన ప్రగతి ఉండేలా ప్లాన్ ఉండాలని 2017లో ఎండ్రూ ఎఫ్ కేసులో తీర్పు వచ్చింది.

రెండోది నిమిషాలు. "స్పీచ్ థెరపీ ఇస్తాం" అంటే సరిపోదు. వారానికి ఎన్నిసార్లు, ఎంతసేపు, ఒక్కడికేనా గ్రూపులోనా? అరగంట సెషన్‌లో నలుగురు పిల్లలుంటే, గదిదాకా నడిచి సర్దుకునే టైమ్ పోను మనవాడి వంతుకి ఐదారు నిమిషాలు మిగులుతాయి. నచ్చకపోతే "ఒప్పుకోవడం లేదు" అన్న గడి ఉంటుంది. అది టిక్ చేస్తే మళ్లీ కూర్చోవడానికి టెక్సాస్‌లో 10 బడిరోజుల వ్యవధి ఇస్తారు. మొదటిసారైతే మీ సంతకం లేకుండా సర్వీసులు మొదలుపెట్టనే కూడదు.

ఇలా అడిగితే టీచర్‌కి కోపం వచ్చి పిల్లాడి మీద చూపిస్తుందేమోనని చాలామంది భయం. నేను చూసినంతలో చాలామంది టీచర్లకు రాతపూర్వకంగా అడిగే తల్లిదండ్రులే ఆసరా. పైవాళ్లని అడగడానికి వాళ్ల చేతికి ఓ కాగితం దొరుకుతుంది. డబ్బు కొరత నిజమే. అదనపు ఖర్చు కోసం, దేశంలో ఒక్కో విద్యార్థికయ్యే సగటు ఖర్చులో 40 శాతందాకా ఇస్తామన్న కేంద్రం ఏనాడూ దాని దరిదాపులకు రాలేదు. ఆ లోటు పూడ్చాల్సింది మాత్రం మన పిల్లాడు కాదు.

మన పెద్దల సంగతీ చెప్పాలి. "మగపిల్లలకి మాటలు ఆలస్యం, మీ మావయ్యకి నాలుగేళ్లదాకా రాలేదు" అంటారు అత్తగారు. ఇంకొకరు "ఇంట్లో తెలుగు మానేయండి, వాడు కన్ఫ్యూజ్ అవుతున్నాడు" అంటారు. రెండు భాషలు వింటే ఆటిజం ముదురుతుందని ఏ పరిశోధనా తేల్చలేదు. తెలుగు మానేస్తే అమ్మమ్మతో వాడు ఏ భాషలో మాట్లాడతాడు? పరీక్షలు కూడా పిల్లాడికి బాగా వచ్చిన భాషని దృష్టిలో పెట్టుకుని చేయాలి. తెలుగులో ఎన్ని మాటలు పలుకుతున్నాడో రాసి తీసుకెళ్లండి.

మన సంఘాల గురించి ఒక మాట. ఉగాదికి సినిమా వాళ్లని రప్పించడానికి పెట్టే ఖర్చులో చిన్న వాటా చాలు. ఎవాల్యుయేషన్ అడిగే ఉత్తరం నమూనా, ఆర్డ్‌లో వినిపించే మాటలకు తెలుగు వివరణ, మీటింగ్‌కి తోడు రాగలిగిన వాలంటీర్ల జాబితా మన వెబ్‌సైట్‌లో పెట్టొచ్చు. తల్లిదండ్రులకు ఉచితంగా శిక్షణ ఇచ్చే కేంద్రాలు కేంద్ర నిధులతో ప్రతి రాష్ట్రంలోనూ ఉన్నాయి. వాళ్లని పిలిస్తే వచ్చి మాట్లాడతారు. ఆగస్టులో బళ్లు తెరుస్తారు కాబట్టి జులై లోపు ఒక శనివారం హాలు బుక్ చేయమని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. ఈ వ్యాసంతో పాటు ఈమెయిల్ కూడా పంపాను, తేదీ వేసి.