రన్‌వే సంగతి రాయలేదేం?

ప్రైవేటు జెట్‌లో నార్వేకు చెందిన ఆర్కిటిక్ దీవుల్లోని లాంగ్‌ఇయర్‌బైన్ పట్టణానికి శీతాకాల విహారం గురించిన మీ వ్యాసాన్ని కావలిలో, ఫ్యాను కింద చెమట తుడుచుకుంటూ చదివాను. సీట్ల మెత్తదనానికి మూడు పేరాలు ఎందుకండీ? అసలు విశేషం రన్‌వేలో ఉంది. 78 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో, ఏడాది పొడవునా లోపల గడ్డకట్టి ఉండే నేల మీద వేసి, 1975లో ప్రారంభించారు. ఆ నేల కరిగితే రన్‌వే కుంగుతుంది, ఎగుడుదిగుడవుతుంది, మరమ్మతులు తప్పవు. ఇక నవంబరు నుంచి జనవరి దాకా అక్కడ సూర్యుడే ఉదయించడు. కిటికీ పక్క సీటుకు అంత వర్ణన దేనికి? ఎగిరే ముందు రెక్కల మీది మంచును వేడి గ్లైకాల్ ద్రవంతో కడగాలి. పల్చటి పొర మిగిలినా ప్రమాదమే. మాకు ఐసంటే రొయ్యల పెట్టెల్లో కొట్టి పోసేదే. విమానం ఎక్కాలంటే చెన్నైకో రేణిగుంటకో పోవాలి. దగదర్తి విమానాశ్రయం మాట ఏళ్లుగా వింటూనే ఉన్నాం.