చిహ్నం మారింది సరే, సమావేశాలు ఎక్కడ పెడతారు?

శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానం ప్రాంతంలో పనిచేస్తున్న ఒక సేవా సంఘం పేరూ చిహ్నమూ మార్చుకుని, ఇకపై సాయం పంచడానికి బదులు గ్రామస్థులను బృందాలుగా కూడగట్టడంపై దృష్టి పెడుతుందని ఒక వ్యాసంలో చదివాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటి మా కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినప్పుడు బియ్యం, టార్పాలిన్లు తెచ్చిన వారిగానే ఆ సంఘం మాకు తెలుసు కనుక, ఈ మార్పు అవసరమేనని నా అభిప్రాయం. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అంతకాలం రైతును నిలబెట్టేది ఒకనాటి బియ్యం మూట కాదు. అలాగే పిల్లలు చెన్నైకో హైదరాబాదుకో వలసపోయిన ఇళ్లలో, మూత్రపిండాల జబ్బుతో వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లే పెద్దవారికి కావలసింది తోడు వచ్చే మనిషి, ఆ తోడును వంతులవారీగా ఏర్పాటు చేయగలిగేది ఊరి బృందమే. కొత్త చిహ్నంలో కొబ్బరిచెట్టు ముచ్చటగానే ఉంది (జీడిమామిడిని ఎందుకు మరిచారో!). అయితే దాని ఆవిష్కరణ సభను శ్రీకాకుళం పట్టణంలోని హోటల్లో, అదీ పగటిపూట జరపడం నాకు నచ్చలేదు. జీడిపిక్కల కార్ఖానాల్లో పనిచేసే ఆడవారు సాయంత్రం గాని ఇళ్లకు చేరరు. తదుపరి సమావేశాన్ని ఉద్దానంలోనే కవిటిలోనో వజ్రపుకొత్తూరులోనో, దీపాలు పెట్టిన తరువాత జరపవలసిందిగా నిర్వాహకులను కోరుతున్నాను.