బెర్లిన్ గోడ ఆ రాత్రి కూలలేదు

తూర్పు జర్మనీ తన జనం పశ్చిమానికి పోకుండా పశ్చిమ బెర్లిన్ చుట్టూ కట్టిన గోడ గురించి ప్రతి నవంబర్‌లో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పోస్టు ఒకటుంది. దాని సారాంశం ఇది: "1989 నవంబర్ 9న తూర్పు జర్మనీ మంత్రి ఒకాయన టీవీలో నోరు జారాడు. వెంటనే పైనుంచి ఆర్డరొచ్చి గేట్లు తెరిచారు. జనం సుత్తులు పట్టుకుని తెల్లారేలోగా గోడను నేలమట్టం చేశారు. జర్మనీ ఒక్కటైంది. ప్రపంచమంతా లైవ్‌లో చూసింది. కళ్లారా చూసినవాళ్లు ఇంకా ఉన్నారు, నమ్మకపోతే వాళ్లనే అడగండి."

అడగాల్సిందే. అడిగి అక్కడితో ఆగిపోకుండా వాళ్లు చెప్పినదాన్ని టైముతో, వీడియోతో, గోడ కొలతలతో సరిచూసుకోవాలి. ఈ ఘటనకు ఆ మూడూ దొరుకుతాయి కాబట్టి పోస్టులోని ముక్కలు ఒక్కొక్కటే తీసుకుందాం.

"మంత్రి నోరు జారాడు"

ఆ రోజు టీవీలో మాట్లాడిన గుంటర్ షబోవ్‌స్కీ మంత్రి కాదు. పాలక పార్టీ పొలిట్‌బ్యూరో సభ్యుడు, తూర్పు బెర్లిన్‌లో పార్టీ పెద్ద. ఆయన చదివిన కాగితం ఆయన రాసింది కాదు. ఆ ఉదయం హోం మంత్రిత్వ శాఖలో గెర్హార్డ్ లౌటర్, ఇంకో ముగ్గురు అధికారులు కూర్చుని తయారుచేసింది. వాళ్లకు అప్పజెప్పిన పని, దేశం వదిలి శాశ్వతంగా వెళ్లిపోయేవాళ్లకు నిబంధనలు రాయడం. వదిలిపోయేవాడికి వెంటనే వీసా ఇస్తూ, చూసి తిరిగొచ్చేవాడికి ఇవ్వకపోవడం అర్థంలేని పనని వాళ్లు మామూలు ప్రయాణాలనూ అందులో చేర్చారు. అసలు మలుపు ఆ గదిలోనే ఉంది. కెమెరా లేదు కాబట్టి ఎవరికీ గుర్తులేదు.

మధ్యాహ్నం పార్టీ అధినేత ఎగోన్ క్రెంట్స్ దాన్ని పార్టీ కేంద్ర కమిటీలో చదివి వినిపించారు. 10వ తేదీ తెల్లవారుజామున 4 గంటలకు ప్రకటించాలన్నది ప్లాను. చదివినప్పుడు షబోవ్‌స్కీ ఆ హాల్లో లేరు. సాయంత్రం కాగితం ఆయన చేతికొచ్చింది, 6 గంటలకు ప్రెస్‌మీట్. ముప్పావు గంటకు పైగా ఏ విశేషమూ లేకుండా సాగాక ఇటలీ విలేకరి రికార్డో ఎర్మన్ ప్రయాణాల చట్టం సంగతి ఎత్తారు. షబోవ్‌స్కీ కాగితం తీసి చదివారు. ఎప్పటినుంచి అమలు అని విలేకరులు మీద పడ్డారు. ఆయన కాగితాలు అటూ ఇటూ తిరగేసి, తనకు తెలిసినంతవరకు ఇప్పుడే, ఆలస్యం లేకుండా అన్నారు. జారింది టైము ఒక్కటే, విధానం కాదు. పైగా ఆ కాగితం ప్రకారం కూడా పోలీసు ఆఫీసులో దరఖాస్తు పెట్టుకుని వీసా తెచ్చుకోవాలి.

ఒక్క మాటకే రాజ్యం పడిపోయిందని చెప్పడానికి బాగుంటుంది. కానీ హంగరీ సెప్టెంబర్ 11నే తూర్పు జర్మన్లకు సరిహద్దు తెరిచింది. అక్టోబర్ 9న తూర్పు జర్మనీ నగరం లైప్‌జిగ్ వీధుల్లో దాదాపు 70,000 మంది నిరసనగా నడిచారు. నవంబర్ మొదటివారంలో చెకోస్లోవేకియా మీదుగా పశ్చిమానికి నేరుగా దారి దొరికింది. చుట్టుతిరిగి వెళ్లే దారి తెరుచుకున్నాక బెర్లిన్‌లో గోడ ఎవరిని ఆపుతుంది?

సాక్షుల జ్ఞాపకానికి ఇక్కడే మొదటి పరీక్ష. "ఎప్పటినుంచి?" అన్న ఆ కీలక ప్రశ్న నాదంటే నాదని ఎర్మన్, పశ్చిమ జర్మనీ విలేకరి పీటర్ బ్రింక్‌మన్ ఏళ్ల తరబడి వాదించుకున్నారు. వీడియోలో కెమెరా షబోవ్‌స్కీ మీదే ఉంది. ప్రశ్నలు బయటినుంచి, ఒకదాని మీద ఒకటి పడుతూ వినిపిస్తాయి. ఇద్దరూ ఆ గదిలో ఉన్నవాళ్లే, ఇద్దరూ వృత్తిరీత్యా గమనించేవాళ్లే.

"పైనుంచి ఆర్డరొచ్చింది"

రాలేదు. బోర్న్‌హోల్మర్ స్ట్రాసె చెక్‌పోస్టులో ఆ రాత్రి పాస్‌పోర్టుల తనిఖీ బాధ్యత రహస్య పోలీసు లెఫ్టినెంట్ కర్నల్ హరాల్డ్ యేగర్‌ది. ఫోన్ చేసిన ప్రతిసారీ పైవాళ్లు వెనక్కి పంపించమన్నారు. 9 దాటాక ఒక ఉపాయం పంపారు: బాగా గొడవ చేస్తున్నవాళ్లను వదిలేయండి, కానీ వాళ్ల గుర్తింపు పత్రంలో ఫొటో మీదే ముద్ర కొట్టండి. ఆ ముద్ర పడితే పౌరసత్వం పోయినట్టే, తిరిగి రానివ్వరు. ఈ సంగతి దాటేవాళ్లకు చెప్పలేదు.

రెండు రకాలుగా అది బెడిసికొట్టింది. అరిచినవాడిని వదులుతున్నారని గమనించిన జనం ఇంకా గట్టిగా అరిచారు. దాటినవాళ్లలో కొందరు కాసేపటికే తిరిగొచ్చి, ఇంట్లో పిల్లలు నిద్రపోతున్నారు, లోపలికి రానివ్వమన్నారు. యేగర్ రానిచ్చారు. ఆర్డరు ఒకసారి మీరాక ఇక నిలబెట్టడానికేం మిగల్లేదు. రాత్రి 11.30 ప్రాంతంలో తనిఖీలు ఆపేసి గేటు వదిలేశారు. ఈ టైము యేగర్ నోటి మాట మీదే ఆధారపడలేదు. అక్కడున్న పశ్చిమ జర్మనీ టీవీ బృందం తీసిన దృశ్యాలున్నాయి.

"ప్రపంచమంతా లైవ్‌లో చూసింది"

లైవ్‌లో వెళ్లింది ప్రెస్‌మీట్. గేట్ల విషయంలో వరస తిరగబడింది. రాత్రి 10.42కు మొదలైన పశ్చిమ జర్మనీ వార్తల్లో, గోడలోని తలుపులు బార్లా తెరుచుకున్నాయని యాంకర్ చెప్పేశాడు. వెంటనే ఇన్వాలిడెన్‌స్ట్రాసె చెక్‌పోస్టు నుంచి లైవ్ ఇచ్చిన రిపోర్టర్ వెనక గేటు మూసే ఉంది. ఆ వార్త విని జనం పరుగెత్తుకొచ్చారు, వాళ్ల తాకిడికి గేట్లు తెరుచుకున్నాయి. "టీవీలో గేట్లు తెరవడం చూసి బయల్దేరాను" అనే సాక్షి అబద్ధమాడటం లేదు. విన్నదాన్ని చూసినట్టు దాచుకున్నాడు, అంతే.

ఇక మనవాళ్ల సంగతి. బెర్లిన్‌లో రాత్రి 11.30 అంటే మనకు 10వ తేదీ శుక్రవారం తెల్లవారుజామున 4 గంటలు. అప్పుడు మన ఇళ్లలో ఉన్నది దూరదర్శన్ ఒక్కటే. శాటిలైట్ చానళ్లు 1991లో మొదలయ్యాయి. హైదరాబాద్‌లో డ్రాయింగ్ రూములో కూర్చుని లైవ్ చూశామన్నవాళ్లు తర్వాత వార్తల్లో వచ్చిన క్లిప్పులు చూసుంటారు.

"సుత్తులతో నేలమట్టం చేశారు"

పోస్టుకు జతచేసే ఫొటో ఈ అబద్ధాన్ని దానంతటదే బయటపెడుతుంది. గోడ మీద వందలమంది నిలబడి ఉంటారు. నగరంలో ఎక్కువ చోట్ల ఉన్న గోడ ఎల్ ఆకారపు కాంక్రీటు పలకలది: ఎత్తు 3.6 మీటర్లు, వెడల్పు 1.2 మీటర్లు, ఒక్కోటి రెండున్నర టన్నుల పైనే. లోపల ఇనుప చువ్వలు. పట్టు దొరక్కుండా పైన గుండ్రటి పైపు తొడిగారు, దానిమీద గుంపుగా నిలబడటం అయ్యే పని కాదు. ఫొటోలోది బ్రాండెన్‌బర్గ్ గేట్ ముందున్న గోడ. అక్కడ మాత్రమే ఎత్తు తగ్గించి, దాదాపు 3 మీటర్ల మందంతో, పైభాగం చదునుగా కట్టారు. చిత్రమేమంటే అక్కడ దాటే చెక్‌పోస్టే లేదు. ఆ రాత్రి పైకెక్కినవాళ్ల మీద సైనికులు నీళ్ల గొట్టాలు పెట్టారు. అక్కడ దారి తెరిచింది డిసెంబర్ 22న.

సుత్తి, ఉలి పట్టినవాళ్లు ఉన్న మాట నిజమే. వాళ్ల చేతికొచ్చినవి పెచ్చులు. చువ్వలున్న కాంక్రీటును సుత్తితో కొడితే పైపొర రాలుతుంది, పలక కదలదు. పలకలు లేపాలంటే క్రేను కావాలి. ఆ పని తూర్పు జర్మనీ సైనికులే చేశారు, కొత్త దారుల కోసం: 10వ తేదీ రాత్రి బెర్నౌవర్ స్ట్రాసె దగ్గర, 12వ తేదీ పొద్దున పాట్స్‌డామర్ ప్లాట్జ్‌లో. టీవీల్లో "గోడ కూలుతోంది" అంటూ వేసేవి ఎక్కువగా ఆ దృశ్యాలే. పశ్చిమ బెర్లిన్ చుట్టూ మొత్తం 155 కిలోమీటర్లుంటే ఈ కంతలు కొన్ని మీటర్లు. అధికారికంగా కూల్చడం మొదలైంది 1990 జూన్ 13న. నగరంలో పని దాదాపుగా ముగిసేసరికి నవంబర్ వచ్చింది.

"జర్మనీ ఒక్కటైంది"

అయింది, 1990 అక్టోబర్ 3న. మధ్యలో మార్చి 18న తూర్పు జర్మనీ ఎన్నికలు, జులై 1న ఉమ్మడి కరెన్సీ ఉన్నాయి.

"కళ్లారా చూసినవాళ్లను అడగండి"

ఈ రాత్రి మీదే ఒక పరిశోధన ఉంది. 2007లో ఆనెట్ బోన్, డోర్తె బెర్న్‌ట్‌సెన్ తూర్పు, పశ్చిమ జర్మన్ల జ్ఞాపకాలను పోల్చారు. గోడ తెరుచుకున్నందుకు సంతోషించినవాళ్లు ఆ ఘట్టం కళ్లకు కట్టినట్టుందన్నారు. వాస్తవాల ప్రశ్నల్లో మాత్రం, బాధపడినవాళ్ల కన్నా వాళ్లే ఎక్కువ తప్పారు. జ్ఞాపకం ఎంత స్పష్టంగా ఉందన్నది ఒక కొలత, ఎంత నిజమన్నది వేరే కొలత.

కాబట్టి అడిగే పద్ధతి ముఖ్యం. ముందు ఫొటోలు, వీడియోలు చూపించొద్దు. చూపించాక వచ్చేది ఆ ఫొటో జ్ఞాపకమే. మొత్తం ఒక్కసారి చెప్పించి రాసుకోండి, మధ్యలో సరిదిద్దకండి. రెండోసారి వాక్యానికో ప్రశ్న: ఇది చూశారా, విన్నారా, టీవీలోనా? ఏ చెక్‌పోస్టు? చీకటా, వెలుతురా? గోడ మీద బొమ్మలు కనిపించాయా? బొమ్మలుండేది పశ్చిమం వైపే కాబట్టి తూర్పు నుంచి బొమ్మల గోడ ఎక్కానంటే ఆగి మళ్లీ అడగాలి. చివరగా కాగితాలు. బోర్న్‌హోల్మర్ స్ట్రాసెలో దాటానన్నవాడి పాత గుర్తింపు పత్రంలో ఫొటో మీద ముద్ర ఉంటే, అతను 11.30కి ముందే దాటిన గొడవ బ్యాచ్‌లోవాడు.