రెండు పీజీలు

మా మేనకోడలు బెంగళూరులో హెచ్ఆర్‌లో పీజీ చేస్తోంది. ఉండేది కూడా పీజీలోనే, అంటే పేయింగ్ గెస్ట్ హాస్టల్లో, మారతహళ్లిలో. ఒక పీజీకి సెమిస్టర్ ఫీజు, ఇంకో పీజీకి నెల అద్దె. ఈ రెండింటిలో మానవ వనరుల నిర్వహణ ఎక్కడ బాగా నేర్పుతున్నారన్న విషయాన్ని విద్యావేత్తలు ఇంతవరకూ పట్టించుకోకపోవడం శోచనీయం.

కాలేజీలో ముందుగా అబ్రహాం మాస్లో అనే మనస్తత్వవేత్త పాఠం. 1943లో ఆయన రాసిన వ్యాసం ప్రకారం మనిషికి మొదట తిండీ నిద్రా కావాలి, తర్వాత భద్రత, ఆపైన ఆప్యాయత, గౌరవం వగైరా. (ఆ వ్యాసంలో పిరమిడ్ బొమ్మ లేదు, తర్వాతివాళ్లు గీశారు. మేనేజ్‌మెంట్ చదువుల్లో బొమ్మ లేనిదే సిద్ధాంతం నిలవదు.) పీజీ ఓనరు నెల్లూరాయన. ముగ్గురు పడుకునే గదిలో నాలుగో మంచం వేయించి "కలిసిమెలిసి ఉండండమ్మా" అన్నాడు. నిద్ర తీసేసుకుని ఆప్యాయత ఇచ్చాడన్నమాట. 2024 ఎండాకాలంలో నగరమంతా నీళ్లకు కటకటలాడినప్పుడైతే మాస్లో మొదటి మెట్టు ట్యాంకర్‌లో వచ్చింది, అదీ రోజు విడిచి రోజు.

తర్వాత హాథార్న్ ప్రయోగాలు. షికాగో దగ్గరి ఫ్యాక్టరీలో 1924లో మొదలయ్యాయి. లైట్ల వెలుగు పెంచితే పని పెరిగింది, తగ్గించినా పెరిగిందట. తమను ఎవరో గమనిస్తున్నారన్న హుషారే కారణమని ఒక వివరణ. మన ఓనరు రాత్రి పదకొండుకి లైట్లు ఆర్పించి, వరండాలో సీసీ కెమెరా పెట్టించాడు. కరెంటు బిల్లు తగ్గింది. హుషారు సంగతి ఎవరూ రాతపూర్వకంగా తెలియజేయలేదు.

యాజమాన్యాలు దేవుడి పటం పక్కన పెట్టుకోదగ్గవాడు మాత్రం హెర్జ్‌బర్గ్ అనే ఇంకో మనస్తత్వవేత్త. జీతం చాలకపోతే అసంతృప్తి పుడుతుంది గానీ, పెంచినంత మాత్రాన పని మీద ప్రేమ పుట్టదని 1959లో తేల్చాడు. మొదటి సగం ఎవరూ చదవరు. జీతం పెంపు తేల్చే అప్రైజల్ అంతా రెండో సగం మీదే నడుస్తుంది.

ఇక ప్రాజెక్టు. అంశం: ఉద్యోగులను నిలుపుకోవడం ఎలా? పిల్ల వంద ప్రశ్నపత్రాలు పంచింది. పీజీలోవాళ్లే కదా, అన్నిటికీ 'అంగీకరిస్తున్నాను' అని టిక్కులు కొట్టి భోజనం గంటలోపు ఇచ్చేశారు. వాటితోనే గ్రాఫులు వేసింది. నన్నడిగితే ఓనర్ని రెండు రోజులు చూస్తే సరిపోయేది. కంపెనీవాళ్లు సీటీసీలో, అంటే ఉద్యోగి మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు లెక్కలో, గ్రాట్యుటీ కలిపి చూపిస్తారు, అది చేతికి రావాలంటే మామూలుగా ఐదేళ్లు కదలకూడదు. ఈయన అంత దూరం పోడు. చేరిన రోజే రెండు నెలల అడ్వాన్సు పుచ్చుకుంటాడు. వెళ్లేటప్పుడు మెయింటెనెన్స్ కింద ఒక నెల కోసుకుంటాడు. మనిషి అక్కడే ఉంటాడు.

చివరి అధ్యాయం ఎగ్జిట్ ఇంటర్వ్యూ. మానేసి వెళ్లేవాళ్లను కూర్చోబెట్టి, కారణం ఓపిగ్గా అడిగి, రాసి పెట్టుకోవాలని పుస్తకంలో ఉంది. మా పిల్ల ఆ పద్ధతి గురించి ఓనర్నే అడిగింది.

"అంకుల్, ఖాళీ చేసేవాళ్లను ఎందుకు వెళ్తున్నారో అడుగుతారా?"

"అడక్కూడదమ్మా. సాంబారంటారు. అప్పుడు సాంబారు మార్చాల్సొస్తది."